రెండు ద్వారాల మిట్రల్ కవాటం: ఆపరేషన్‌కు ముందు చేసిన త్రీడీ ఎకో సేవపై సమీక్ష

హైదరాబాదులోని గుండె ఆస్పత్రుల గురించి రాసేవారు ఎక్కువగా సర్జన్ హస్తవాసి గురించి, గది అద్దె గురించి, చివరి బిల్లు గురించి రాస్తారు. ఈ సమీక్ష ఆపరేషన్ థియేటర్ దాకా వెళ్లక ముందు జరిగే పని గురించి: అల్ట్రాసౌండ్‌తో కవాటాన్ని పరిశీలించి, ఆ బొమ్మల ఆధారంగా శస్త్రచికిత్స ఎలా చేయాలో నిర్ణయించే ఎకో విభాగం గురించి. మా చెల్లెలికి పుట్టుకతో వచ్చిన అరుదైన మిట్రల్ కవాట లోపం ఉన్నందువల్ల సికింద్రాబాద్ వైపున్న ఒక ప్రైవేటు ఆస్పత్రిలో ఈ సేవను మేము పూర్తిగా వినియోగించుకున్నాము. పరీక్ష నాణ్యతకూ, దానిని సర్జన్ వాడుకున్న తీరుకూ నేను పూర్తి మార్కులు వేస్తాను. సమయపాలనకూ, రికార్డులు చేతికిచ్చే పద్ధతికీ సగం మార్కులు కూడా వేయలేను. ఫిర్యాదులు కూడా ఉన్నందున ఆస్పత్రి పేరు రాయడం లేదు. అయినా ఇటువంటి సమస్య ఉన్నవారికి పేరు కంటే, ఏ ఆస్పత్రికి వెళ్లినా ఏమి అడగాలో తెలియడమే ఎక్కువ అవసరం.

ముందుగా జబ్బు గురించి కొంత చెప్పాలి, లేకపోతే ఈ పరీక్షకు ఇంత ప్రాధాన్యం ఎందుకో అర్థం కాదు. గుండెలో ఎడమ కర్ణికకూ ఎడమ జఠరికకూ మధ్య ఉండే మిట్రల్ కవాటానికి మామూలుగా రెండు రెక్కలు, వాటి మధ్య ఒకే ద్వారం ఉంటాయి. కొందరిలో ఆ ద్వారానికి అడ్డంగా కణజాలంతో ఒక వంతెన ఏర్పడి, ఒకటి ఉండవలసిన చోట రెండు ద్వారాలు ఉంటాయి. ఈ లోపాన్ని 1876లోనే గ్రీన్‌ఫీల్డ్ అనే వైద్యుడు వర్ణించాడు. ఒక్కొక్క ద్వారానికి, రెక్కలను జఠరిక కండరానికి కట్టి ఉంచే సన్నటి తాళ్లలాంటి సొంత తంతువులు ఉంటాయి. ఆ తంతువులు ఏ కండరానికి అతుక్కున్నాయన్నది మనిషి మనిషికీ మారుతుంది. చాలామందిలో ఇది ఏ ఇబ్బందీ కలిగించదు, మరేదో కారణంతో ఎకో తీసినప్పుడు బయటపడుతుంది. ఇబ్బంది కలిగిస్తే అది లీకు రూపంలో గాని, ద్వారాలు ఇరుకై రక్తం దిగకపోవడం రూపంలో గాని ఉంటుంది. కర్ణికల మధ్య గోడలో రంధ్రం, కవాటపు రెక్కలో చీలిక, బృహద్ధమని సన్నబడటం వంటి మరికొన్ని పుట్టు లోపాలు దీనికి తోడుగా ఉండవచ్చు కాబట్టి, ఒకటి కనిపించగానే మిగతావాటిని కూడా వెతకాలి.

మా చెల్లెలి విషయంలో ఈ పేరు చాలా ఆలస్యంగా వినిపించింది. చిన్నప్పుడే గుండెలో శబ్దం ఉందన్నారు. పెళ్లయిన తరువాత మెట్లెక్కితే ఆయాసం వస్తోందని మా ఇంటికి దగ్గరలోని ఒక డయాగ్నస్టిక్ సెంటరులో టూడీ ఎకో తీయిస్తే, "రుమాటిక్ మిట్రల్ లీకు" అని రిపోర్టు వచ్చింది. దాని ఆధారంగా మూడు వారాలకొకసారి పెన్సిలిన్ ఇంజెక్షన్లు ఏళ్ల తరబడి వేయించుకుంది. మన దేశంలో గొంతు ఇన్ఫెక్షన్ తరువాత వచ్చే రుమాటిక్ జ్వరం వల్ల కవాటాలు పాడైనవారు ఎంతో మంది ఉన్నందువల్ల, యువతిలో మిట్రల్ లీకు కనిపించగానే ఆ ముద్ర వేయడం సులువు. కాని రుమాటిక్ జబ్బులో రెక్కల అంచులు మందమవుతాయి, రెండు రెక్కలూ కలిసే మూలలు అతుక్కుపోతాయి, తంతువులు కురచబడతాయి. ఆమె కవాటపు రెక్కలు పలచగా, చక్కగా కదులుతున్నాయని ఆ పాత వీడియో చూసిన కొత్త కార్డియాలజిస్టు ఒక్క నిమిషంలో చెప్పారు. జఠరికను అడ్డంగా కోసినట్టు చూపే కోణంలో ఆ సెంటరు వారు ధ్వని తరంగాలు పంపే ప్రోబును ఇంకొక సెంటీమీటరు అటూ ఇటూ జరిపి ఉంటే, పక్కపక్కనే రెండు గుండ్రటి ద్వారాలు అప్పుడే కనిపించి ఉండేవి. యంత్రం నాసిరకమైనది కాదు. పరీక్షకు కేటాయించిన సమయమే తక్కువ.

నేను జూనియర్ కళాశాలలో భౌతికశాస్త్రం బోధించిన వాణ్ణి కాబట్టి యంత్రం పనితీరు గురించి నాలుగు మాటలు రాయకుండా ఉండలేను. శరీరంలోని మెత్తని కణజాలంలో ధ్వని సెకనుకు సుమారు 1540 మీటర్ల వేగంతో ప్రయాణిస్తుంది. ఛాతీ మీద పెట్టే ప్రోబు 2.5 మెగాహెర్ట్జ్ దగ్గర పనిచేస్తే తరంగ దైర్ఘ్యం 0.6 మిల్లీమీటర్లు, అన్నవాహికలోకి పంపే ప్రోబు 5 మెగాహెర్ట్జ్ దగ్గర పనిచేస్తే అది 0.3 మిల్లీమీటర్లు. తరంగం ఎంత పొట్టిదైతే అంత చిన్న వివరం కనిపిస్తుంది, కాని అంత త్వరగా క్షీణిస్తుంది కూడా. ఛాతీ వైపు నుంచి చూస్తే పక్కటెముకలు, ఊపిరితిత్తులలోని గాలి, కొవ్వు అడ్డు వస్తాయి కనుక పౌనఃపున్యం తగ్గించుకోక తప్పదు. అన్నవాహిక మాత్రం ఎడమ కర్ణికకు సరిగ్గా వెనుక, దానిని ఆనుకొనే దిగుతుంది. అక్కడి నుంచి మిట్రల్ కవాటానికి దూరం తక్కువ, మధ్యలో గాలి లేదు. అందుకే మిట్రల్ కవాటం ఆపరేషన్‌కు ముందు గొంతులోంచి ప్రోబు పంపి చేసే టీఈఈ అడుగుతారు.

ఈ పరీక్ష పుట్టిందే మిట్రల్ కవాటం కోసమన్న సంగతి చాలామందికి తెలియదు. స్వీడన్‌లోని లుండ్ నగరంలో ఇంగె ఎడ్లర్ అనే కార్డియాలజిస్టు, ఏ రోగి కవాటానికి ఆపరేషన్ పనికివస్తుందో ముందే తెలుసుకునే మంచి మార్గం లేక, హెల్ముత్ హెర్ట్జ్ అనే భౌతికశాస్త్రవేత్తను సంప్రదించాడు. ఇద్దరూ కలిసి ఓడల తయారీలో లోహపు పగుళ్లు పట్టే పరికరాన్ని తెచ్చి, 1953లో కొట్టుకుంటున్న గుండె నుంచి ప్రతిధ్వనులు నమోదు చేశారు. ఆ హెల్ముత్, నోబెల్ బహుమతి పొందిన గుస్తావ్ హెర్ట్జ్ కుమారుడు; పౌనఃపున్యానికి మనం వాడే కొలమానం ఆ కుటుంబంలోనే పెద్దవాడైన హైన్రిష్ హెర్ట్జ్ పేరు మీద ఉన్నది. తరగతి గదిలో ఇన్నేళ్లు ఆ పేరు పలికిన నాకు మా చెల్లెలి రిపోర్టులో "మెగాహెర్ట్జ్" చూసినప్పుడు కలిగిన సంతోషం ఇంట్లో ఎవరికీ అర్థం కాలేదు.

ఇక సేవ విషయానికి వస్తాను. టీఈఈకి ముందు ఆరు గంటలు ఏమీ తినకూడదని, కట్టుడు పళ్లు ఉంటే తీసివేయాలని, మింగడంలో ఇబ్బంది, అన్నవాహిక జబ్బు, కాలేయ జబ్బు, రక్తం పలచబరిచే మందులు ఉన్నాయేమో చెప్పాలని ఫోనులోనే వివరంగా చెప్పారు. ఇది మంచి పద్ధతి. అదే ఫోనులో ఉదయం ఎనిమిదింటికి రమ్మని, ఆమెను లోపలికి తీసుకువెళ్లింది మాత్రం మధ్యాహ్నం ఒంటిగంట దాటాక. అత్యవసర కేసు వచ్చిందన్నారు, వచ్చి ఉండవచ్చు. కాని ఖాళీ కడుపుతో ముందు రోజు రాత్రి నుంచి ఉన్న మనిషికి పది గంటలకే ఆ మాట చెప్పి, కాసిని మంచినీళ్లు తాగవచ్చో లేదో చెబితే సరిపోయేది. ఆమె పక్కన వరంగల్ నుంచి తెల్లవారుజామునే బయలుదేరి వచ్చిన ఒక పెద్దాయన కూడా అలాగే కూర్చుని ఉన్నారు.

గది గురించి చెప్పుకోదగినది తక్కువ. లింగ నిర్ధారణ చేయబడదన్న బోర్డు అక్కడి గోడకు కూడా ఉంది. గుండె కోసమైనా అల్ట్రాసౌండ్ యంత్రమే కాబట్టి 1994 నాటి చట్టం దానినీ వదలదు. లోపల ఉన్నవారు ఎకో చేసే డాక్టరు, ఒక టెక్నీషియను, ఒక నర్సు, మత్తు డాక్టరు. గొంతుకు తిమ్మిరెక్కించే మందు చల్లి, నరం ద్వారా తేలికపాటి మత్తు ఇచ్చి, పళ్ల మధ్య ప్లాస్టిక్ కట్టు పెట్టి, ఎడమ వైపు తిప్పి పడుకోబెట్టి ప్రోబు పంపారు. "మింగమ్మా, అంతే, మింగేసేయ్" అన్న డాక్టరు గొంతు తప్ప తనకేమీ గుర్తులేదని మా చెల్లెలు అంటుంది. మరునాడు కొంచెం గొంతు నొప్పి తప్ప ఇబ్బంది కలగలేదు. అన్నవాహికకు గాయం కావడం వంటి తీవ్రమైన ప్రమాదం చాలా అరుదని, అయినా లేకపోలేదని అంగీకార పత్రంలో ఉన్నది. ఆ పత్రం ఇంగ్లిషులో మాత్రమే ఉండటం నాకు నచ్చలేదు. నర్సు తెలుగులో చదివి చెప్పింది గాని, ఆమె చదివిన వేగానికి నాకే సగం అందలేదు.

ఈ విభాగం గొప్పతనం పరీక్షకు వారు ఇచ్చిన సమయంలో ఉన్నది. మామూలు టీఈఈ పదిహేను ఇరవై నిమిషాలలో అయిపోతుంది. ఇక్కడ దాదాపు దానికి రెట్టింపు పట్టింది. ఎందుకని తరువాత అడిగితే డాక్టరు విసుక్కోకుండా చెప్పారు. త్రీడీ బొమ్మను రెండు రకాలుగా తీయవచ్చు. ఒకే గుండె చప్పుడులో తీస్తే బొమ్మ నిజాయితీగా ఉంటుంది, కాని సెకనుకు దొరికే ఫ్రేములు తక్కువ, కదలిక మొరటుగా కనిపిస్తుంది. నాలుగైదు చప్పుళ్లలో ముక్కలు ముక్కలుగా తీసి కలిపితే స్పష్టత పెరుగుతుంది, కాని మధ్యలో ఊపిరి కదిలినా, లయ తప్పినా ముక్కలు సరిగా అతకక, లేని చీలిక ఉన్నట్టుగా గీత పడుతుంది. నిజంగానే రెక్కలో చీలిక ఉందేమోనని అనుమానిస్తున్న రోగిలో ఈ దొంగ గీత ఎంత ప్రమాదమో వేరే చెప్పనక్కరలేదు. అందుకే ఆమె ఊపిరి నిలకడగా ఉన్న క్షణాల కోసం ఆగి, రెండు పద్ధతులలోనూ తీసి, రెండింటిలోనూ కనిపించిన దానినే నమ్మారు. అదే సమయంలో సెలైన్ బుడగలు ఎక్కించి కర్ణికల మధ్య గోడలో రంధ్రం లేదని కూడా తేల్చారు.

వారం తిరగక ముందే సర్జన్‌తో కూర్చోబెట్టారు. ఈ సమీక్ష రాయడానికి అసలు కారణం ఆ సమావేశమే. ఎకో డాక్టరు, సర్జన్ ఒకే తెర ముందు కూర్చున్నారు. మా చెల్లెలినీ, బావగారినీ, నన్నూ కూడా ఉండనిచ్చారు. టూడీ ఎకో ఎప్పుడూ ఒక కోత మాత్రమే చూపుతుంది, ఆ కోతలన్నిటినీ డాక్టరు మనసులో పేర్చుకోవాలి. త్రీడీలో కవాటాన్ని కర్ణిక వైపు నుంచి, అంటే సర్జన్ కర్ణిక తెరిచి కిందికి చూసినప్పుడు కనిపించేటట్టుగా, బృహద్ధమని పైన ఉండేలా తిప్పి చూపారు. ఆపరేషన్ రోజున గుండెను ఆపి, రక్తం ఖాళీ చేసిన తరువాత సర్జన్ చూసేది వాడిపోయిన కవాటాన్ని. తెర మీద కనిపించేది పనిచేస్తున్న కవాటం. తెరుచుకున్నప్పుడు రెండు ద్వారాలు, వాటి మధ్య వంతెన, మూసుకున్నప్పుడు పెద్ద ద్వారం వైపు రెక్కలో సన్నటి నోరులాంటి సందు, ఇవన్నీ ఏ వైద్య పరిజ్ఞానమూ లేని మా బావగారికి కూడా కనిపించాయి.

సర్జన్ ఆ బొమ్మను చూసి మెచ్చుకోలేదు, ప్రశ్నలు వేశారు. రెండు ద్వారాల వైశాల్యం వేర్వేరుగా ఎంత? పెద్దది 3.6, చిన్నది 1.2 చదరపు సెంటీమీటర్లు, కలిపితే 4.8. మామూలు మిట్రల్ కవాటం నాలుగు నుంచి ఆరు మధ్య ఉంటుంది కాబట్టి ఇరుకు లేదు. లీకు ఏ ద్వారంలోంచి? పెద్ద దానిలోంచి, ముందు రెక్కలోని చీలిక గుండా. చిన్న ద్వారం లీకు లెక్కలోకి తీసుకోదగినది కాదు. చీలిక ఎటు వైపు తిరిగి ఉంది? బృహద్ధమనికి రక్తం వెళ్లే దారి వైపా, జఠరికల మధ్య గోడ వైపా? గోడ వైపు తిరిగి ఉంటే కర్ణిక జఠరికల మధ్య గోడ లోపంలో భాగం కావచ్చని, దారి వైపు తిరిగి ఉంటే విడిగా వచ్చిన చీలిక అని వారి మాటల్లో తెలిసింది. మా చెల్లెలిది రెండవ రకం. చిన్న ద్వారపు తంతువులు ఎక్కడ అతుక్కున్నాయి? చీలిక అంచులలో కుట్టు పట్టేంత కణజాలం ఉందా? కవాటం చుట్టూ ఉండే వలయం ఎంత విస్తరించింది?

నాకు బాగా గుర్తున్నది వంతెన గురించిన చర్చ. మధ్యలో అడ్డుగా ఉన్న ఆ కణజాలాన్ని కోసేస్తే ఒకే ద్వారం అయి సమస్య తీరిపోతుంది కదా అని బావగారు అడిగారు. చూసినవారెవరికైనా తోచే మాట అది. సర్జన్ కాదన్నారు: రెక్కలను ఒకదానికొకటి పట్టి ఉంచుతున్నది ఆ వంతెనే, దానిని కోస్తే రెక్కల ఆధారం పోయి లీకు పెద్దదవుతుంది. పైగా లీకు ఆపడానికి రెండు రెక్కలనూ మధ్యలో కలిపి కుట్టి, కావాలనే రెండు ద్వారాలు చేసే పద్ధతి ఒకటి ఉన్నదని, ఇటలీలో ఒట్టావియో ఆల్ఫియెరి అనే సర్జన్ 1990ల తొలినాళ్లలో దానిని ప్రవేశపెట్టాడని, ఈ రోజు కాలి నరం ద్వారా పెట్టే క్లిప్పులు కూడా ఆ సూత్రం మీదే పనిచేస్తాయని చెప్పారు. ఒకరికి ప్రకృతి ఇచ్చిన లోపం మరొకరికి సర్జన్ చేసే చికిత్స కావడం నాకు విచిత్రంగా తోచింది. అయితే దాని వల్ల ఒక హెచ్చరిక కూడా ఉన్నది. ఇప్పటికే రెండుగా చీలిన ద్వారంలో చీలికను మరీ బిగించి కుట్టినా, వలయాన్ని మరీ చిన్నది చేసినా లీకు పోయి ఇరుకు వస్తుంది. ఎంత బిగించవచ్చో ముందే లెక్క వేయడానికే ఆ 3.6, 1.2 అంకెలు. కవాటం మార్చకుండా బాగు చేయడానికి ప్రయత్నించాలని, బాగు కాకపోతే ఏ రకం కవాటం పెట్టాలో కూడా ముందే మాట్లాడుకోవాలని అప్పుడే నిర్ణయమైంది. మార్చవలసి వస్తే లోహపు కవాటానికి జీవితాంతం రక్తం పలచబరిచే మందు వాడాలని, కణజాలపు కవాటం కొన్నేళ్లకు అరుగుతుందని, ముప్పైలలో ఉన్న మనిషికి ఈ రెండూ తేలికైన మాటలు కావని సర్జన్ ఆమెకే నేరుగా చెప్పారు. ఆ మాట ఆమె భర్తకో, నాకో చెప్పి ఊరుకోకపోవడం నాకు ఎంతో నచ్చింది.

ఆపరేషన్ ఇప్పుడే ఎందుకన్నది కూడా ఎకో అంకెలే చెప్పాయి. గుండె పంపింగు, అంటే జఠరికలో నిండిన రక్తంలో ప్రతి చప్పుడుకూ బయటికి పోయే వంతు, 62 శాతం అని చూసి మేము బాగానే ఉందనుకున్నాము. లీకు ఉన్న గుండెలో ఆ అంకె ఊరడించే అంకె కాదట: జఠరిక ముడుచుకున్నప్పుడు కొంత రక్తం సులువుగా వెనక్కి కర్ణికలోకి పోతున్నది కనుక పంపింగు ఉన్నదాని కంటే బాగున్నట్టు కనిపిస్తుంది. అందుకే తీవ్రమైన మిట్రల్ లీకులో పంపింగు 60 శాతానికి దిగినా, ముడుచుకున్నప్పుడు జఠరిక వ్యాసం 40 మిల్లీమీటర్లకు చేరినా, ఆయాసం లేకపోయినా ఆపరేషన్ గురించి ఆలోచిస్తారు. ఆమెకు 41 మిల్లీమీటర్లు, పైగా ఆయాసం కూడా ఉంది. లీకు రంధ్రం ప్రభావ వైశాల్యం 0.4 చదరపు సెంటీమీటర్లు దాటితే తీవ్రమైనదంటారు. ఆమెది ఆ గీతకు కొంచెం పైన. చీలిక లోంచి వచ్చే లీకు రంధ్రం గుండ్రంగా ఉండదు కాబట్టి మామూలు సూత్రంతో వేసిన లెక్కను గుడ్డిగా నమ్మకుండా, త్రీడీ రంగుల బొమ్మలో ఆ రంధ్రాన్ని నేరుగా గీసి కొలిచారు.

రిపోర్టు గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే పాత సెంటరు రిపోర్టుకూ దీనికీ తేడా అక్కడే తెలుస్తుంది. పాత దానిలో "మిట్రల్ లీకు, తీవ్రం" అన్న ఒక్క వాక్యం, కింద సంతకం. ఇందులో పరీక్ష సమయంలో రక్తపోటు ఎంతో రాశారు, ఎత్తు, బరువు, శరీర వైశాల్యం రాశారు, గుండె లయ రాశారు, ఏ కోణంలో బొమ్మలు సరిగా రాలేదో కూడా రాశారు. రక్తపోటు రాయని లీకు రిపోర్టుకు విలువ సగమేనని నాకు ఇప్పుడు తెలుసు: పోటు పెరిగితే లీకు పెరుగుతుంది, తగ్గితే తగ్గుతుంది. నాలుగు నెలల తేడాతో తీసిన రెండు రిపోర్టులను పోల్చాలంటే రెండింటిలోనూ ఆ అంకె ఉండాలి.

ఆ సంగతి ఆపరేషన్ థియేటర్‌లో కళ్లకు కట్టిందట. మత్తు ఇచ్చి, ఛాతీ తెరవక ముందు మళ్లీ టీఈఈ చేశారు. పూర్తి మత్తులో రక్తనాళాలు సడలి పోటు తగ్గుతుంది కాబట్టి, లీకు ఓ మోస్తరుగానే కనిపించింది. ముందు రోజుల పరీక్ష లేకపోతే ఇంత లీకుకు ఇంత ఆపరేషన్ ఎందుకని సందేహం వచ్చి ఉండేదని, పూర్తి మత్తు లేనప్పుడు తీసిన అంకెలే నిర్ణయానికి ఆధారమని సర్జన్ తరువాత వివరించారు. చీలికను కుట్టి, వలయానికి వెనుక వైపు మాత్రం పట్టీ వేసి, వంతెనను ముట్టుకోకుండా వదిలి, గుండె ఊపిరితిత్తుల యంత్రం నుంచి బయటికి తెచ్చిన తరువాత మందుతో పోటును మామూలు స్థాయికి పెంచి మరీ ఎకో చూశారు. తక్కువ పోటులో లీకు లేదని సంతోషించి ఛాతీ మూసేయకుండా ఉండటమే అక్కడ జాగ్రత్త. స్వల్పమైన లీకు మిగిలింది. కవాటం గుండా సగటు పీడన భేదం 4 మిల్లీమీటర్ల పాదరసం. ప్రణాళికలో అనుకున్నదానికి ఫలితం అంత దగ్గరగా ఉండటం చూశాక, ఆ రోజు తెర ముందు గడిపిన గంటసేపు వృథా కాలేదని అనిపించింది.

ఇప్పుడు ఫిర్యాదులు. టీఈఈకి మేము చెల్లించినది ఎనిమిది వేలకు దగ్గరగా. త్రీడీకి అదనపు రుసుము ఉంటుందని ముందు చెప్పలేదు, బిల్లు చేతికి వచ్చాక తెలిసింది. డబ్బు ఎక్కువని నా బాధ కాదు, చేసిన పనికి అది తగినదే. ముందు చెప్పకపోవడం తప్పు. రికార్డుల విషయం అంతకంటే అన్యాయంగా ఉంది. అడిగితే నాలుగు రంగుల ఫొటోలు అతికించిన కాగితం ఇచ్చారు. కదిలే కవాటానికి కదలని ఫొటో ఇవ్వడం వల్ల మరొక డాక్టరు అభిప్రాయం తీసుకోవాలనుకునేవారికి ఏ ఉపయోగమూ లేదు. అసలు వీడియోలు, ఏ ఆస్పత్రి కంప్యూటరులోనైనా తెరిచి కొలతలు వేసుకోగలిగే డైకామ్ రూపంలో కావాలని రాతపూర్వకంగా అడిగి, రెండు కౌంటర్ల మధ్య తిరిగి, చివరికి ఎకో డాక్టరు స్వయంగా ఫోను చేస్తే గాని డిస్కు చేతికి రాలేదు. ఇంత మంచి పరీక్ష చేసిన విభాగం దాని ఫలితాన్ని తన దగ్గరే బంధించుకోవడం అర్థం లేని పని. తెలంగాణ జిల్లాల నుంచే కాక రాయలసీమ నుంచి, బీదర్, నాందేడ్ వైపు నుంచి కూడా ఈ నగరానికి గుండె వైద్యం కోసం వస్తారు. వారు డిస్కు కోసం మళ్లీ మళ్లీ తిరగలేరు.

సమావేశం కూడా అందరికీ తనంతట తానుగా దొరికేది కాదని తరువాత తెలిసింది. మాకు దొరకడానికి కారణం లోపం అరుదైనది కావడం, మా కార్డియాలజిస్టు పట్టుబట్టడం. ఎబ్‌స్టీన్ లోపం, తంతువులన్నీ ఒకే కండరానికి అతుక్కున్న పారాచూట్ మిట్రల్ కవాటం, నాలుగు రెక్కల బృహద్ధమని కవాటం వంటివి ఉన్నవారు ఏ ఆస్పత్రికి వెళ్లినా, ఎకో చేసినవారూ ఆపరేషన్ చేయబోయేవారూ ఒకే చోట కూర్చుని వీడియోలు చూశారా అని అడగాలని నా సలహా. ఉదాహరణకు ఎబ్‌స్టీన్‌లో మూడు రెక్కల కవాటం కుడి జఠరికలోకి కిందికి జారి ఉంటుంది. శరీర వైశాల్యానికి చదరపు మీటరుకు 8 మిల్లీమీటర్లు, అంతకంటే ఎక్కువ జారితే ఆ పేరు పెడతారు. కాని దానిని బాగు చేయడానికి బ్రెజిల్ సర్జన్ జోసె పెద్రొ ద సిల్వా రూపొందించిన కోన్ పద్ధతి పనికివస్తుందా లేదా అన్నది ముందు రెక్క ఎంత పెద్దది, ఎంత స్వేచ్ఛగా కదులుతున్నది, గోడకు ఎక్కడెక్కడ అతుక్కుంది అన్న వివరాల మీద ఆధారపడుతుంది. జారిన దూరం ఒక్కటే రాసిన రిపోర్టుతో సర్జన్ చేయగలిగింది తక్కువ.

అందరికీ ఈ స్థాయి పరీక్ష అవసరమని నేను అనడం లేదు. వయసుతో బృహద్ధమని కవాటం గట్టిపడినవారికి మంచి టూడీ ఎకో, అవసరమైతే సీటీ సరిపోవచ్చు. రుమాటిక్ ఇరుకు స్పష్టంగా ఉన్నవారిలో కూడా త్రీడీ లేకుండానే ఎన్నో ఆపరేషన్లు చక్కగా జరుగుతున్నాయి. రిపోర్టులో పుట్టు లోపం అన్న మాట గాని, చీలిక, అదనపు ద్వారం, అసాధారణ తంతువులు అన్న మాటలు గాని కనిపించినప్పుడు, లేదా లీకు ఎక్కడి నుంచో చెప్పకుండా తీవ్రం అని మాత్రమే రాసినప్పుడు ఈ ఖర్చు పెట్టడం సమంజసం. ఆరోగ్యశ్రీ పరిమితి తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి పది లక్షల రూపాయలైనా, ఆపరేషన్‌కు ముందు చేసే ఏ పరీక్ష ప్యాకేజీలోకి వస్తుందో, దేనికి చేతి నుంచి పెట్టుకోవాలో ఆస్పత్రిలోని ఆరోగ్యమిత్రను ముందే అడిగి రాయించుకోవడం మంచిది.

మా చెల్లెలికి ఇంటికి పంపే ముందు ఛాతీ మీద నుంచి మళ్లీ ఎకో తీశారు. ఇకపై కొన్ని నెలలకొకసారి, తరువాత ఏడాదికొకసారి తీయించుకోవాలి. పెన్సిలిన్ ఇంజెక్షన్లు ఆపేశారు. పళ్లకు సంబంధించిన పనులు చేయించుకునేటప్పుడు మాత్రం కవాటం మరమ్మతు సంగతి దంత వైద్యునికి ముందే చెప్పాలన్నారు. తరువాతి పరీక్షకు కూడా అదే విభాగానికి వెళతాము, ఉదయం ఫోను చేసి వరుస ఎక్కడిదాకా వచ్చిందో కనుక్కున్న తరువాతే ఇంటి నుంచి బయలుదేరుతాము, డిస్కు కోసం దరఖాస్తును మాత్రం లోపలికి వెళ్లక ముందే ఇస్తాము.